నర్సింగన్న వీపు మీది మట్టి

పాతబస్తీకి వెళ్లొచ్చానంటే ఎవరైనా అడిగే మొదటి మాట చార్మినార్ చూశావా అని. చూశాను, ఆటోలోంచి. నేను వెళ్లింది ఒక మట్టి గుంట కోసం. ఛత్రినాకలో పాల డెయిరీల సందు చివర ఒక పాత తాలీం ఉంది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా నాకు అక్కడే తెల్లవారేది. తర్వాత మా నాన్న ఉద్యోగం వెంట కరీంనగర్ పోయాం, నేను అక్కడే టైర్ల షాపు పెట్టుకుని ఉండిపోయాను. నలభై దగ్గర పడ్డాక పొట్ట తగ్గించుకుందామని జుజిట్సు అనే విదేశీ మల్లయుద్ధం క్లాసులో చేరాను. పొట్ట తగ్గలేదు కానీ పిచ్చి పట్టింది. ఇప్పుడు సాయంత్రాలు షాపు తమ్ముడికి వదిలేసి నేనే నలుగురికి నేర్పుతున్నాను.

పోయిన వారం నర్సింగన్న ఫోన్ చేశాడు. ఆయన మా ఉస్తాద్ పెద్దకొడుకు. ఉస్తాద్ పోయాక డెయిరీతో పాటు తాలీం కూడా ఆయనే చూసుకుంటున్నాడు. "తమ్మీ, నీ ఆట ఒక్కపారి వచ్చి చూపియ్యాలె. లేకుంటే మన తాలీం గోదాం అయితది" అన్నాడు. సంగతేమిటంటే, కుస్తీకి కొత్త పిల్లలు రావడం మానేశారు. జనం లేని జాగాను బేగంబజార్ ప్లాస్టిక్ వ్యాపారికి అద్దెకిద్దామని బస్తీ పెద్దలు అనుకుంటున్నారు. ఫోన్లలో వీడియోలు చూసిన పిల్లలేమో జుజిట్సు ఉంటే వస్తామంటున్నారు. సరేనని నర్సింగన్న ఎక్కడినుంచో వాడిన మ్యాట్లు తెచ్చి వరండాలో పెట్టాడు. కానీ ముందు నేర్చుకుని వాళ్లకు నేర్పాల్సిన పాత శిష్యులు మొండికేశారు. "ఎల్లకిల పండే ఆట మాకొద్దు" అన్నారట. వాళ్లు ఒప్పుకుంటే తాలీం నిలబడుతుంది, లేకపోతే డబ్బాలూ బకెట్లూ దిగుతాయి. ఆ రాత్రే బ్యాగు సర్దుకున్నాను.

శనివారం తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కితే ఏడున్నరకల్లా జేబీఎస్‌లో దిగాను. మీరు కూడా ఆ దారినే వస్తే సిటీ బస్సు జోలికి పోకండి. పక్కనే మెట్రో ఉంది, యాభై రూపాయల లోపే ఎంజీబీఎస్‌లో దింపుతుంది, పొద్దున కూర్చోవడానికి సీటూ దొరుకుతుంది. అక్కణ్నుంచి ఆటో. ఛత్రినాక అనగానే డ్రైవర్ నూట ఎనభై అన్నాడు, నేను నూట ముప్పై అన్నాను.

"సుబా సుబా ఏంది భాయ్ గీ లొల్లి? నూట యాభై ఇయ్యి, కూసో" అన్నాడు. కూర్చున్నాను.

అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ ఎక్కేసరికి మూసీ మీది గాలి ఆటోలోకి వచ్చింది. మూసీ వాసన గురించి ఎవరూ మంచిగా రాయరు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే స్కూలు బ్యాగు బరువు భుజానికి గుర్తొచ్చింది. చార్మినార్ దగ్గర బండ్లను చుట్టు తిప్పి పంపుతున్నారు. శాలిబండ ఎత్తు ఎక్కుతుంటే డ్రైవర్ అద్దంలోంచి చూసి "ఎవలింటికి?" అని అడిగాడు. తాలీం పేరు చెప్పాను.

"నర్సింగ్ పహిల్వాన్ కాడికా! ముందే చెప్పద్దా భాయ్. ఆయన వీపుకు మట్టి అంటంగ చూసినోడు లేడని మా అబ్బా చెప్తుండె" అన్నాడు. ముందే చెప్తే ఎంత తగ్గించేవాడివి అని అడిగితే నవ్వాడు తప్ప తగ్గించలేదు.

లాల్‌దర్వాజ దాటాక సందు మొదట్లో దిగి, ఇడ్లీ బండి దగ్గర ఆగాను. బండి అక్క నన్ను గుర్తుపట్టలేదు, కానీ ఆమె వేరుశనగ చట్నీని నా నాలుక గుర్తుపట్టింది. ప్లేటు నలభై రూపాయలు. కడుపు నిండా తినకండి, తర్వాత మీ పొట్ట మీద ఎవరైనా కూర్చునే ప్రమాదం ఉంటే మరీను. తాలీంకు పోతున్నానని చెప్పగానే ఆమె గరిటె ఆపింది. "మూస్తరట గద బిడ్డా? పొద్దుగాల ఆ పోరగాండ్ల చప్పుడు లేకుంటే నాకు తెల్లారినట్టే ఉండది" అంది.

తాలీం తలుపు ఎప్పటిలాగే చిన్నది. ఎంతటివాడైనా తల వంచే లోపలికి పోవాలి. చెప్పులు బయట వదిలి, వంగి, లోపల అడుగు పెట్టగానే ఆ వాసన వచ్చింది. పసుపు, నూనె, మజ్జిగ కలిపి తొక్కిన ఎర్రమట్టి వాసన. అక్కడే నిలబడిపోయాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ తాలీంలో ఒక పద్ధతి ఉంది, దూరం నుంచి వచ్చినవాడు మట్టికి ఏదో ఒకటి తేవాలి. నేను మెట్‌పల్లి పసుపు అరకిలో తెచ్చాను. నర్సింగన్న పొట్లం అందుకుని మట్టిలో చల్లి, కాలితో కలిపి, అప్పుడు నన్ను చూశాడు. జుట్టు తెల్లబడింది, మెడ మాత్రం అదే మెడ. "ఏం తమ్మీ, టైర్లు అమ్ముతున్నవా, నడుముకు చుట్టుకుంటున్నవా?" అన్నాడు.

గోడవారగా ఎనిమిది మంది శిష్యులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అందరికన్నా పెద్దవాడు మహేశ్, పాతికేళ్లుంటాయి. వాడే అందరి తరఫునా మాట్లాడాడు. "అన్నా, మీరంటే ఇజ్జత్ ఉంది. కని వీపు మట్టికి తాకితే మాకు ఆట ఖతం. కావాల్నని పోయి పండుడేంది?"

వాడి మాటలో తప్పేమీ లేదు. కుస్తీలో వీపు నేలకు తగిలితే చిత్. ఓడినట్టే, ఇక లెక్కల్లేవు. పోటీలో అనుమానం వస్తే వీపు తిప్పి మట్టి ఉందా అని చూస్తారు. ఓడినవాడు ముందు చేసే పని వీపు దులుపుకోవడం. చిన్నప్పుడు నేను సందు మలుపులో ఆగి గోడకు రుద్దుకునే వాణ్ని, ఇంట్లో తెలియకూడదని. జుజిట్సులో అదే చోట ఆట మొదలవుతుంది. ఎదుటివాణ్ని వెల్లకిలా పడేసి ఛాతీ మీద గుర్రమెక్కినట్టు కూర్చోవడాన్ని మౌంట్ అంటారు. కూర్చున్నవాడు కదలకుండా అదిమిపెట్టాలి, ఆ తర్వాత చెయ్యో మెడో పట్టి ఇక చాలని ఒప్పించాలి. కింద ఉన్నవాడు ఓడలేదు, తప్పించుకునే దారి వెతుక్కుంటున్నాడంతే.

ఈ తేడా నా బుర్రకెక్కడానికే ఏడాది పట్టింది. కరీంనగర్‌లో చేరిన కొత్తలో ఎవరినైనా పడేసి, వీపు తగలగానే లేచి నిలబడి, మ్యాటును తాకి కళ్లకద్దుకుని, పడినవాడికి చెయ్యి అందించేవాణ్ని. మా ఉస్తాద్ నేర్పిన మర్యాద అది. పడినవాడు ఆ చెయ్యే పట్టి లాగి, నా మీదెక్కి, గొంతు పట్టేవాడు. క్లాసులో అందరికీ నా మర్యాద మంచి కాలక్షేపం. తాలీంలో పెరిగినవాడు తప్ప ఇంకెవడూ చేయని పొరపాటు అది.

ఇదంతా శిష్యులకు చెప్పాను. నవ్వారు కానీ ఒక్కడూ ముందుకు రాలేదు. "మ్యాటు మీద కాదు, మట్టి మీదనే చూపియ్యి" అని నర్సింగన్న అన్నాక అసలే కదలలేదు. నేను ఒక్కొక్కడి ముఖం చూశాను, ఒక్కొక్కడూ నేల చూశాడు. అప్పుడు నర్సింగన్న అంగీ విప్పి మేకుకు తగిలించాడు. గుంటలో దిగి, మట్టి తాకి నుదుటికి పెట్టుకున్నాడు.

"ఎవలు పండకుంటే నేను పండుత" అన్నాడు.

"ఉస్తాద్, వద్దు" అన్నాడు మహేశ్. నర్సింగన్న కూర్చుని, ఒక చెయ్యి వెనక్కి ఆనించి, మెల్లగా వాలాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ తాకించలేని వీపు తనంతట తానే మట్టికి తాకింది.

ఆయన కాళ్లకు మొక్కి ఛాతీ మీద కూర్చున్నాను. కూర్చున్నానో లేదో, నా ఒళ్లు నన్ను అడక్కుండానే లేచింది. మట్టి కళ్లకద్దుకున్నాను, చెయ్యి అందించాను. శిష్యులు ఊపిరి వదిలి, అయిపోయిందన్నట్టు చప్పట్లు కొట్టారు. నర్సింగన్న నా చెయ్యి తోసేశాడు.

"ఏంది లేస్తవ్? కూసో. నేనింక ఓడలే."

మళ్లీ కూర్చున్నాను. ఈసారి ఆయన మెడ మీద వంతెనలా లేచి ఒక్క ఎత్తు ఎత్తాడు. నేను పోయి పక్కన వెల్లకిలా పడ్డాను. శిష్యులు ఈలలు వేశారు. కుస్తీ మెడతో పెట్టుకుంటే అంతే. మూడోసారి బుద్ధిగా కూర్చున్నాను. మోకాళ్లు ఆయన చంకల్లోకి ఎక్కించాను, పాదాలు తొడల కిందికి దూర్చాను, నడుము బరువంతా వదిలాను. ఆయన ఎత్తినప్పుడల్లా అరచేతులు దూరంగా నేలకు ఆనించి, ఆగగానే మళ్లీ బరువు దించాను. మౌంట్‌లో మొదటి పాఠం అదే. చెయ్యి కోసం ఆత్రపడితే కూర్చున్న చోటు పోతుంది. నేను రెండు నిమిషాలు ఏమీ చేయలేదు, ఉట్టినే కూర్చున్నాను. అప్పుడాయన పాత అలవాటు కొద్దీ వీపు దాచుకోవడానికి బోర్లా తిరిగాడు. వెంటనే వెనక నుంచి గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించాను. మట్టికి భయపడి తిరిగితే మెడ దొరుకుతుంది. "చూసిండ్రా? సిగ్గుపడి తిరిగిన, దొరికిన" అని ఆయనే శిష్యులకు చెప్పి మళ్లీ వెల్లకిలా అయ్యాడు.

ఈసారి చేతులతో నా ఛాతీ నెట్టబోయాడు. మౌంట్‌లో ఎదురుచూసేది దానికోసమే. మణికట్టు పట్టి మట్టికి అదిమి, రెండో చెయ్యి ఆయన మోచేతి కింద నుంచి దూర్చి మెలివేశాను. భుజం బిగిసింది. ఇక్కడ కిందివాడు చాలని చేత్తో తట్టాలి, పైవాడు వదలాలి. ఆయన తట్టలేదు. పళ్లు బిగించాడు. తాలీంలో ఇక వదలమని ఎవరూ అడిగి ఎరగరు. నేను ముందుకు నెడితే రోజూ పాల క్యాన్లు ఎత్తే భుజం పోతుంది. ఊరికే వదిలితే మొండికేస్తే చాలని శిష్యులు నేర్చుకుంటారు, రేపు ఒకడి చెయ్యి విరుగుతుంది, ఎల్లుండి తాళం పడుతుంది. నాకు నిజంగా భయమేసింది.

"అన్నా, తట్టన్నా" అన్నాను చెవిలో.

"ఓడిన్నని తట్టాల్నా?"

"ఓడినందుకు కాదన్నా. మళ్లా ఆడనీకె తట్టాలె."

ఆయన కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. కాసేపటికి ఖాళీగా ఉన్న చెయ్యి లేచి నా తొడ మీద రెండుసార్లు తట్టింది. వదిలేశాను. ఆయన లేచి కూర్చుని భుజం తిప్పి చూసుకున్నాడు. "మా నాయిన గిది చూస్తే ఏమంటుండెనో తెల్వది" అన్నాడు శిష్యుల వైపు తిరిగి. "తాలీంల బకెట్లు పెడితే ఏమంటుండెనో మాత్రం నాకు ఎర్కే."

మహేశ్ వచ్చాడు. బనియన్ విప్పి, గుంట అంచున నిలబడి కాసేపు తటపటాయించాడు. "ఎట్ల పండాలె అన్నా?" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక ఇంకొకడు. పదిన్నరకల్లా ఎనిమిది మందీ ఎర్రగా అయ్యారు, ఒకడైతే తట్టడం మర్చిపోయి అరిచాడు. వచ్చే ఆదివారం నుంచి కొత్తపిల్లలకు క్లాసు అని మహేశే అక్కడికక్కడ చెప్పాడు. నెలకు రెండుసార్లు వస్తానని నేను మాటిచ్చాను.

తర్వాత నేనూ నర్సింగన్నా చాయ్‌కి బయల్దేరాం. ఆయన అంగీ భుజాన వేసుకున్నాడు, వీపంతా పసుపు కలిసిన ఎర్రమట్టి. తలుపు దగ్గర నా చెయ్యి అలవాటుగా దులపబోయింది.

"ఉండనీ తమ్మీ. చూడనీ" అన్నాడు.

సందులో ఒక్కొక్కరే మాటలాపి చూశారు. మేం చాయ్ అందుకోగానే ఇడ్లీ బండి అక్క గరిటెతోనే ఎదురొచ్చింది. "ఏం నర్సింగూ, వీపుకు మన్నేంది? ఎవలు పండవెట్టిండ్రు నిన్ను?"

"నేనే పండిన అక్కా" అన్నాడాయన, చాయ్ ఊదుకుంటూ.

తిరుగు బస్సులో నాకు మా ఉస్తాద్ గుర్తొచ్చాడు. పడ్డవాడికి చెయ్యి అందించమని నేర్పినాయన ఆయన. ఆ అలవాటు వల్ల నేను ఎన్నో ఆటలు పోగొట్టుకున్నాను, అయినా అది పోవాలని ఇప్పుడు నాకు లేదు. మౌంట్‌లో కూర్చున్నంతసేపు కూర్చుంటాను, తట్టాక చెయ్యి అందిస్తాను. నా చిన్నప్పటి పొద్దులు తిరిగి రావు. ఆ మట్టి వాసన మాత్రం ఇంకో తరం ముక్కుకు తగులుతుందని తెలిశాక, పెద్దపల్లి టైర్ల ఆర్డరు గురించి ఫోనొచ్చినా చిరాకు పడలేదు.

మీరూ వెళ్లాలనుకుంటే తొమ్మిది లోపు చేరుకోండి, చేతిలో కొంచెం పసుపుతో వెళ్లండి, పాత బనియన్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆ మట్టి సబ్బుకు అంత తేలిగ్గా పోదు. నా బనియన్ మీద ఇంకా ఉంది. నేను గట్టిగా ఉతకలేదు కూడా.