వరసలో మొదటి డబ్బా

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే వీలు కూడా నాకు లేదు. పాతబస్తీలోని జహనుమాలో మా నాన్న పెట్టిన పిండి గిర్నీని ఇరవై ఏళ్లకు పైగా నేనే నడుపుతున్నాను. సాయంత్రమయ్యేసరికి తల నుంచి కాళ్ల దాకా తెల్లగా, కళ్లు మాత్రం ఎర్రగా, గల్లీలోంచి నడుచుకుంటూ ఇంటికి పోయే మనిషిని. అన్నం తినని పిల్లలకు తల్లులు చూపించేది నన్నే. దయ్యం ఉద్యోగం చేసేవాడికి దయ్యాల మీద భయమేముంటుంది?

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. చూసింది చూసినట్టు, జరిగిన వరసలోనే చెప్తాను. అర్థం చేసుకునే పని మీది. నావల్ల కాలేదు.

మా గిర్నీలో రెండు మిషన్లు. ముందు వైపు పిండిది, లోపలి వైపు కారానిది. కారం మిషను పక్కన గోడకు ఆనించి ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఉండేది. అది మా అమ్మ సత్తెమ్మ సీటు. మిషను మూతికి కట్టిన గుడ్డ సంచిలోంచి కారం తీసి డబ్బాల్లో నింపడం ఆమె పని. మోకాళ్ల నొప్పుల వల్ల ఒకసారి కూర్చుందంటే మళ్లీ మధ్యాహ్నం దాకా లేవదు. మంచినీళ్లు, చాయ్, ఫోను, అన్నీ నేనే అందించాలి. ఎమ్మెల్యేల సీట్లకు అయిదేళ్లకోసారైనా గండం ఉంటుంది. అమ్మ సీటుకు అది కూడా లేదు.

కారం విషయంలో మా నాన్న పెట్టిపోయిన పద్ధతులు రెండు ఉన్నాయి. డబ్బాల వరస తప్పకూడదు. డబ్బా సొంతదారు దగ్గర నిలబడకుండా మిర్చి మిషన్‌లో పోయకూడదు. ఎందుకంటే ఒకరి మంచి మిరపకాయల్లో ఇంకొకరి పాతవి కలిశాయన్న అనుమానంతో ఒకప్పుడు మా గల్లీలో రెండిళ్ల వాళ్లు రెండేళ్లు మాట్లాడుకోలేదు. గోధుమలకు, జొన్నలకు ఈ పట్టింపు లేదు. డబ్బా వదిలేసి పోయి సాయంత్రం వచ్చినా నడుస్తుంది.

కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం అది. పొద్దున కొన్ని గంటలు పిండి పట్టడానికి అనుమతి ఉండేది. కారం మిషను మాత్రం మాకు మేమే ఆపేసుకున్నాం. కారం పట్టేటప్పుడు లోపలున్నవాళ్లే కాదు, రోడ్డు మీద పోయేవాళ్లు కూడా తుమ్ముతారు, దగ్గుతారు. మామూలు రోజుల్లో అది మాకు ఉచిత ప్రచారం. ఆ రోజుల్లో అదే నేరం. మిషను మీద పాత దుప్పటి కప్పాను. రెండు నెలలు దాని ముఖం చూడలేదు.

కొద్దికొద్దిగా సడలింపులు మొదలయ్యేసరికి గల్లీలో వాదన లేచింది. కారం గిర్నీ తెరవాలా వద్దా అని. టీవీలో పెద్దవాళ్లు దేశం గురించి మాట్లాడుకుంటుంటే, మా గల్లీలో అంతే గంభీరంగా మిరపకాయల గురించి మాట్లాడుకున్నారు. వద్దనేవాళ్లకు నాయకుడు మా పక్కింటి యాదగిరన్న. కరెంటాఫీసులో పనిచేస్తాడు. ఏదైనా కాలిపోకముందే భయపడటం ఆయన వృత్తిధర్మం.

"ఒక్కడు తుమ్మితే గల్లీ మొత్తం బంద్ వెడుతున్న రోజులివి. నువ్వేమో పొద్దుగాల లేచి అందర్ని నిలవెట్టి తుమ్మిపిస్తనంటున్నవ్. ఏంది తమ్మీ ఇది?" అన్నాడు గేటు అవతల నుంచే.

తెరవాలనేవాళ్లకు నాయకురాలు మా అమ్మే. "రోగంతోని పోతమో లేదో గని, గీ సప్పిడి కూరలతోని మాత్రం గ్యారంటీగ పోతం" అని ఆమె వాదం. ప్యాకెట్ కారం ఆమె దృష్టిలో వట్టి రంగే, రుచి కాదు.

నాకేమో ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే నిజమనిపించే జబ్బుంది. దానికి టీకా ఇంకా రాలేదు. చివరికి తేల్చింది మేం కాదు, మామిడికాయలు. ఆవకాయ రోజులు దాటిపోతున్నాయి, వానలు పడితే మిర్చి మెత్తబడుతుంది. ఒక్క పూట, పదిహేను డబ్బాలకు మించకుండా, అందరూ బయట నీడలో నిలబడేటట్టు తెరుద్దామని ఒప్పందం కుదిరింది. యాదగిరన్న ఒకే షరతు పెట్టాడు. అరవై దాటిన మా అమ్మను మాత్రం ఆ స్టూలు మీద కూర్చోబెట్టవద్దన్నాడు.

ఆ షరతు మీద మా ఇంట్లో రెండు రోజులు లొల్లి అయింది. నేను లేకపోతే ఎవరి డబ్బా ఎవరిదో నీకు తెలుస్తదా అని అమ్మ అడిగింది. నిజమే, తెలియదు. ఇరవై ఏళ్ల నుంచి ఆమెను అడిగే బతుకుతున్నాను. ఆమెకు ఏమైనా అయితే అన్న భయం లోపల ఉండనే ఉంది. అయినా చివరికి అమ్మ మాటకే ఒప్పుకున్నాను. మాస్కు మీద మాస్కు పెట్టి, చేతికి సానిటైజర్ సీసా ఇచ్చి, కొడుకుగా నా బాధ్యత అయిపోయిందనుకున్నాను. ఆ తప్పు నాది. ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు పొద్దున ఆరు కాకముందే షట్టరు తీసి, ముందు రోడ్డు మీద సుద్దతో పదిహేను గుండ్రాలు గీశాను. అప్పుడు అక్కడ ఏ డబ్బా లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే మొదటి గుండ్రం వంకర పోయిందని చెరిపి రెండుసార్లు గీశాను. తర్వాత వెనక ఇంట్లోకి పోయి చాయ్ తాగి, అమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. పది నిమిషాలు పట్టి ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి మొదటి గుండ్రంలో ఒక డబ్బా ఉంది. చుట్టుపక్కల మనిషి లేదు.

పాత నూనె డబ్బా, పైన పచ్చ మూత, మూత మీద నెయిల్ పాలిష్‌తో వేసిన నెలవంక. అది ఎవరిదో నాక్కూడా తెలుసు. వెనక గల్లీలో ఉండే సఫియా ఆపాది, అంటే సఫియా అక్కది. అమ్మకు ముప్పై ఏళ్ల స్నేహితురాలు. ప్రతి ఏడాదీ మా గిర్నీలో మొదటి కారం ఆమెదే. అయితే ఆపా లాక్‌డౌన్‌కు వారం ముందు జహీరాబాద్‌లో కూతురింటికి పోయి అక్కడే ఉండిపోయింది. అంటే తిరిగొచ్చిందన్నమాట అనుకుని సంతోషపడ్డాను.

కాసేపటికి అనసూయక్క వచ్చి రెండో గుండ్రంలో తన డబ్బా పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఏడు గంటలకల్లా గుండ్రాలన్నీ నిండాయి. మనుషులు మాత్రం గోడ నీడలో ఒకరి మీద ఒకరు పడి ముచ్చట్లు పెట్టారు. దూరం పాటించింది డబ్బాలే.

ఆపా రాలేదు. పావుగంట చూశాను. నీడలో సణుగుడు మొదలైంది. ఎండెక్కుతోంది, పోలీసులు ఎప్పుడు వస్తారో తెలియదు. రెండో డబ్బా తీసుకుందామని అమ్మతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. వెనక గల్లీకి పోయి ఆపాను పిల్చుకు రమ్మంది. రెండు మాస్కుల్లో ఊపిరాడక చికాకుగా ఉన్న నేను పోనన్నాను. ఇక్కడే ఉండి ఏదో పెద్ద పని చేస్తున్నట్టు నిలబడ్డాను.

"మీ బాపు ఉన్నప్పుడు తప్పని వరస ఇయ్యాల తప్పుతదా? నువ్వు పోకపోతె నేనే పోత" అని అమ్మ గోడ పట్టుకుని లేచింది.

ఆపుతానేమో అని చూసింది. నేను ఆపలేదు. చెప్పులు ఈడ్చుకుంటూ, మోకాలి మీద చెయ్యి వేసుకుని, మెల్లగా వెనక గల్లీ వైపు పోయింది. ఇరవై ఏళ్లలో కారం పట్టే పూట ఆ స్టూలు ఖాళీ కావడం నేను చూడటం అదే మొదటిసారి.

ఊరికే నిలబడటమెందుకని కారం మిషన్‌ను ఖాళీగా తిప్పి చూద్దామనుకున్నాను. దుప్పటి తీశాను, నూనె వేశాను, స్విచ్చి వేశాను. మోటారు బాగానే అందుకుంది. ఒక నిమిషం తిరిగిందో లేదో, పటాకా పేలినట్టు పెద్ద చప్పుడైంది.

మోటారును మిషన్‌కు కలిపే వెడల్పాటి బెల్టు తెగింది. తెగిన కొస కొరడాలా విసిరి స్టూలుకు తగిలింది. స్టూలు రెండు ముక్కలై ముందు గదిలో పడింది. దాని వెనక గోడకు, కూర్చున్న మనిషి తల ఉండే ఎత్తులో, సున్నం రాలి అరచేయంత గుంట పడింది.

స్విచ్చి ఆపింది నేనేనట. నాకు గుర్తు లేదు. అంతలో బెల్టు దెబ్బకు లేచిన పాత కారం ధూళి రోడ్డు మీదికి వచ్చింది. యాదగిరన్న చెప్పింది చెప్పినట్టు గల్లీ మొత్తం తుమ్మింది. నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియకపోవడానికి ఆ కారం పనికొచ్చింది.

తర్వాత చూస్తే, బెల్టును కింది వైపు నుంచి ఎలుకలు సగం దాకా కొరికేశాయి. పైకి కనపడలేదు. మూతులకు మాస్కులు, రోడ్డుకు గుండ్రాలు, చేతులకు సానిటైజర్, కంటికి కనపడని పురుగు గురించి రెండు వారాలు కొట్లాడుకున్నాం. రెండు నెలలు దుప్పటి కింద పడి ఉన్న మిషన్ బెల్టును ముందే ఒక్కసారి తిప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. అందరికీ కారం పట్టి ఇచ్చేవాణ్ని, బెల్టును పట్టించుకోలేదు.

అమ్మ అప్పుడే తిరిగొచ్చింది. ముందు నన్నే చూసింది.

"ఆపా ఇంటికి తాళముందిరా. తాళానికి బూజు గూడ పట్టింది" అంది.

అప్పుడు స్టూలు ముక్కలను చూసింది. తర్వాత గోడను. గడప మీద కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది. అనసూయక్క ఎవరూ చెప్పకుండానే నీళ్లు తెచ్చి ఇచ్చింది. దూరం, గుండ్రాలు ఎవరికీ గుర్తు లేవు. ఆడవాళ్లంతా అమ్మ చుట్టూ చేరారు.

ఆపాకు అక్కడి నుంచే ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. "నేను యాడికెళ్లి వస్త సత్తెమ్మా? బస్సులే లేవు గద" అంది. తన డబ్బా ఇంట్లో మంచం కింద ఖాళీగా ఉందని, ఈ ఏడు మిర్చి కొననే లేదని చెప్పింది. ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ఇంకో చెవి లేదు.

డబ్బా మూత తీశాం. నిండా మిరపకాయలు. తొడిమలు తీసి, ఎండబెట్టి ఉన్నాయి. పైన చిన్న గుడ్డ మూట, అందులో వేయించిన ధనియాలు, రెండు పసుపు కొమ్ములు, ఒక రాతి ఉప్పు గడ్డ. అలా కట్టేది మా గిరాకీల్లో ఆపా ఒక్కతే. సొంతదారు లేదు కాబట్టి పట్టలేదు. మూత పెట్టి లోపల ఒక మూలకు జరిపాం.

యాదగిరన్న ఊరుకోలేదు. ఎవరో తమ ఇంట్లో కరోనా ఉందన్న సంగతి బయటపడుతుందని భయపడి, డబ్బా పెట్టి దాక్కుని ఉంటారన్నాడు. వారం రోజులు ఇంటింటికీ అడిగాడు. మాదే అని ఒక్కరూ అనలేదు. ఆ ధరలప్పుడు డబ్బాడు మిర్చిని ఎవరు వదులుకుంటారు?

బస్సులు తిరిగాక ఆపా వచ్చింది. తాళం తీసేటప్పుడు నేను, అమ్మ, యాదగిరన్న పక్కనే ఉన్నాం. కిటికీలకు ఊచలున్నాయి, రెక్కలు లోపల గడియ పెట్టి ఉన్నాయి. నేలంతా దుమ్ము. మంచం కింద వంగి చూశాం. డబ్బా లేదు. అక్కడ నలుచదరంగా, ఒక డబ్బా అడుగంత మేర, దుమ్ము పలచగా ఉంది. చుట్టూ మందంగా ఉంది. కాలి గుర్తులు లేవు. యాదగిరన్న టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఈ విషయం మీద ఆయన మళ్లీ వాదించలేదు.

గిర్నీకి వచ్చి ఆపా డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "డబ్బా నాదే. మిర్చీ నావి గాదు. గానీ మూట కట్టిన తీరు, తరీఖా నాది" అంది. ఇంటికి తీసుకుపోవడానికి ఒప్పుకోలేదు. పారేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. చివరికి కొత్త బెల్టు వేశాక ఆపాను దగ్గర నిలబెట్టి ఆ మిర్చి పట్టాను. ఆ రోజు వరసలో ఉన్న పద్నాలుగు ఇళ్లకు, యాదగిరన్న ఇంటికి, మాకు, ఆపాకు తలా ఇంత పంచాం. మంచి ఘాటు కారం. ఎవరికీ ఏమీ కాలేదు.

డబ్బా ఎవరు తెచ్చారు, ఎలా తెచ్చారు, నాకు ఇప్పటికీ తెలియదు. ఆలోచించిన కొద్దీ నా బుర్ర ఖాళీగా తిరిగే మిషనే. ఒకసారి అమ్మను అడిగాను, నువ్వేమనుకుంటున్నావని.

"ఎవరు తెచ్చిన్రో నాకెందుకురా. నన్ను లేపిన్రు. ఇరవై ఏండ్ల సంది ఆ పని ఎవరితోని గాలే" అంది.

ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలిస్తే ఒక దండంతో పోయేది. తెలియదు కాబట్టి, అప్పటి నుంచి గిర్నీకి వచ్చిన ప్రతి మనిషికీ డబ్బా అందిస్తూ రెండు చేతులూ జోడిస్తున్నాను. కొత్తవాళ్లు ఎన్నికల్లో నిలబడుతున్నానేమో అనుకుంటారు. అనుకోనీ. వాళ్లలో ఎవరో ఒకరికి అది చేరాల్సి ఉందేమో. నేను ఇది రాస్తుంటే అమ్మ లోపలి నుంచి రెండుసార్లు పిలిచింది, చాయ్ చల్లారుతోందని తిడుతోంది. మూడోసారి కూడా పిలవనిచ్చి, అప్పుడు లేస్తాను.