మలికిపురంలో శుక్రవారం భోజనాలు

తునిలో ఉదయం ఐదూ నలభైకి ప్యాసింజరు ఎక్కాను. మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. చేతిలో చిన్న సంచి. అందులో రెండు చీరలు, నీళ్ళ సీసా, సత్యవతి కోసం కొన్న బీపీ మిషను. నేను వస్తున్నట్టు ఆమెకు చెప్పలేదు. వాకిట్లో నన్ను చూసి నోరు తెరుచుకుని నిలబడిపోతుందని దారంతా ఊహించుకుంటూ కూర్చున్నాను.

ముందు సత్యవతి ఎవరో చెప్పాలి. నేను మస్కట్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో పదమూడేళ్ళు నర్సుగా చేశాను. సత్యవతిది మలికిపురం పక్క పల్లె. మస్కట్‌లో ఒక ఒమానీ ఇంట్లో వంటమనిషి. చెయ్యి కాల్చుకుని కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు మాకు పరిచయం. శుక్రవారం సెలవు కాబట్టి ఆ మధ్యాహ్నం మన వైపు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది నా గదికి చేరేవారు. తలా ఒక కూర వండి తెచ్చేవారు. నేల మీద పాత పేపర్లు పరుచుకుని చుట్టూ కూర్చునేవాళ్ళం. తిన్నంతసేపూ ఇంటి కబుర్లే. ఎప్పుడు వెళ్ళిపోతామా, ఎవరు ముందు వెళ్ళిపోతామా అని.

ముందు వెళ్ళింది సత్యవతే. ఎనిమిదేళ్ళ కిందట వంటగదిలో కళ్ళు తిరిగి పడిపోయింది. బీపీ చూస్తే మిషను ముల్లు రెండు వందలు దాటింది. ఎయిర్‌పోర్టులో దాని చెయ్యి నా తల మీద పెట్టించుకుని, మళ్ళీ రానని ఒట్టు వేయించుకున్నాను. రెండేళ్ళ తరవాత నేనూ వచ్చేశాను.

ఊరు చేరిన సత్యవతి ఊరుకోలేదు. గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళనుంచి పోగుచేసి, ప్రతి నెలా రెండో శుక్రవారం కలిసి భోజనం చెయ్యడం మొదలుపెట్టింది. "ఇక్కడ శుక్రవారం ఎవరికీ సెలవు కాదు కదే" అంటే, "మన ఆకలికి శుక్రవారమే అలవాటండీ సిస్టరు గారూ" అంది. రమ్మని ఆరేళ్ళుగా పిలుస్తూనే ఉంది. ఒకసారి మోకాలి నొప్పి, ఒకసారి వానలు, చాలాసార్లు ఊరికే బద్ధకం. పోయిన వారం కంచం కడిగి బోర్లిస్తూ, ఈ ఇంట్లో రెండో కంచం తీసి ఎన్నాళ్ళయిందో లెక్కకు అందక అక్కడే నిలబడ్డాను. ఆ సాయంత్రమే స్టేషనుకు వెళ్ళి రైళ్ళ వేళలు కనుక్కున్నాను.

రాజమండ్రిలో దిగేసరికి ఎనిమిది. బస్ కాంప్లెక్స్ దగ్గర రెండు ఇడ్లీ తిని, ఎనిమిదీ ఇరవైకి అమలాపురం బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా టికెట్టు చింపి ఇచ్చింది. రావులపాలెంలో సైకిళ్ళ మీద అరటి గెలలు మార్కెట్టుకు పోతున్నాయి. కొత్తపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరి, మధ్యలో ఎక్కడైనా తెరిపి ఇస్తే దాళ్వా వరి చేలు. అమలాపురం పదీ ఇరవై ఐదు. అక్కడ టీ తాగే వ్యవధి ఉంది. మలికిపురం బస్సు పదీ ముప్పావుకి కదిలింది.

నా పక్కన అత్తాకోడళ్ళిద్దరు కూర్చున్నారు. అప్పనపల్లి గుడిలో మొక్కు తీర్చుకోవడానికట.

"మా కోడలికి కువైట్ వీసా వచ్చిందండీ, వచ్చే నెల ప్రయాణం" అంది అత్తగారు. నేను మస్కట్‌లో చేశానని తెలిసి కోడలు కిటికీ వైపునుంచి ఇటు తిరిగింది. పాతికేళ్ళుంటాయేమో.

"ఎలా ఉంటదండీ అక్కడ?"

ఆ ప్రశ్నకు పదమూడేళ్ళ జవాబు నా దగ్గరుంది. కానీ బోడసకుర్రు వంతెన వచ్చేసింది. కింద వైనతేయ ఎండకు మెరుస్తోంది, ఆ పిల్ల కళ్ళు ఆ నీళ్ళ మీదే ఉన్నాయి.

"శుక్రవారం సెలవుంటుందమ్మా. ఆ రోజు ఒక్కదానివే తినకు" అన్నాను.

"ఆయ్" అంది, పాఠం అప్పజెప్పినంత బుద్ధిగా. తరవాతి స్టాపులో దిగిపోయారు.

మలికిపురంలో దిగేసరికి పన్నెండూ పది. సెంటర్లో ఆటో అతన్ని "శుక్రవారం భోజనాలు ఎక్కడ బాబూ?" అనడిగితే అడ్రసు కూడా అడగలేదు. "నాగమణి గారి కొబ్బరి షెడ్డు కదండీ, ఎక్కండి" అన్నాడు. ఐదు నిమిషాల్లో దింపేశాడు.

ఇంటి వెనక రేకుల షెడ్డు. ఒక మూల కాయల రాశి, ఇంకో మూల పీచు. మధ్యలో శుభ్రంగా ఊడ్చి, రెండు వరసల్లో చాపలు పరిచారు. పద్నాలుగు మంది దాకా ఉన్నారు. ఒకామె అరిటాకులు తుడుస్తోంది. పొయ్యి మీద బిరియానీ లాంటి వాసన వస్తోంది, కానీ బిరియానీ కాదు. ఎండు నిమ్మకాయ వేసి చేసే అరబ్బుల మాంసం అన్నం. ఆ వాసనకు నా గది, గోడకు మేకు, మేకుకు తగిలించిన యూనిఫారం కళ్ళముందు కదిలాయి.

ఎదురొచ్చిన పొడుగాటి ఆవిడే నాగమణి. కువైట్‌లో పదకొండేళ్ళు చేసిందని సత్యవతి చెబుతూండేది.

"ఎవరు కావాలండీ?"

"సత్యవతి స్నేహితురాలినండీ. మస్కట్‌లో..."

"సిస్టరు గారా! ఒసేవ్, సిస్టరు గారు వచ్చేరే!" అని నా రెండు చేతులూ పట్టేసుకుంది. అందరూ లేచి చుట్టూ చేరారు. నేను వాళ్ళ ముఖాల్లో ఒక ముఖం కోసం వెతుకుతున్నాను.

"సత్యవతి ఏదండీ?"

నాగమణి కుర్చీ లాగింది. "ముందు కూర్చోండి. మజ్జిగ పుచ్చుకోండి."

"ఏమైంది దానికి? బీపీయేనా?"

"ఆయ్, బాగానే ఉందండీ. కాపోతే ఇక్కడ లేదు. మస్కట్ వెళ్ళిపోయిందండీ. నెలన్నర అయ్యింది. మీకు చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది."

సంచి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. నెలన్నర్నుంచి అది నాకు ఫోన్ చెయ్యడం మానేసి మాటలు రికార్డు చేసి పంపుతోంది. పొద్దున్నే పని హడావుడి అనుకున్నాను. మనం మామూలుగా మాట్లాడుకునే యాప్‌లో ఫోన్ చెయ్యడం ఆ దేశంలో కుదరనివ్వరని, పదమూడేళ్ళు ఉన్నదాన్ని, నాకు తట్టలేదు. ముందు కోపం వచ్చింది. ఒట్టు వేసింది, తప్పింది, పైగా దాచింది. లేచి, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాను.

"తినకుండా వెళ్తారేంటండీ?" నాగమణి నా సంచి తీసుకుని లోపల పెట్టేసింది. "ఒంటిగంటన్నరకి అక్కడ పనిచేసే వేరే యాప్‌లో అదే వీడియో ఫోన్ చేస్తది. అక్కడ పన్నెండవుద్ది కదా. దానికోసమే మేం భోజనాలు అరగంట వెనక్కి జరుపుకున్నాం."

ఉండిపోయాను. ఖాళీగా ఉండలేక మిషను తీసి ఒక్కొక్కరి బీపీ చూడటం మొదలుపెట్టాను. వరలక్ష్మి అనే ఆవిడ చెయ్యి చాపుతూ, "అక్కడున్నన్నాళ్ళూ కొబ్బరిచెట్లు కలలోకొచ్చేవండీ. ఇప్పుడు కళ్ళెదురుగా చెట్లున్నాయి, ఆ పాత ఏసీ గుర్రుమనే చప్పుడు లేకపోతే నిద్దర పట్టదు" అంది. అందరూ నవ్వారు.

ఈ భోజనాలకు వాళ్ళకో పద్ధతుంది. ఎవరింటి కూర వాళ్ళు తెస్తారు, వంతులవారీగా ఒకరు అక్కడి వంట ఒకటి షెడ్డులోనే చేస్తారు. ఆ రోజు పనసపొట్టు కూర, కంద బచ్చలి, రొయ్యల ఇగురు, పెసర పునుకుల పులుసు, మామిడల్లం పచ్చడి. మగవాళ్ళకు ప్రవేశం లేదు. తిన్నాక కొత్తగా ప్రయాణమయ్యే ఆడవాళ్ళు వస్తారు. వాళ్ళకు వంటింట్లో అవసరమయ్యే అరబ్బీ మాటలు నేర్పుతారు. ఉప్పు, నీళ్ళు, చాలు, నొప్పి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి.

ఒంటిగంటన్నరకు ఆకుల్లో అన్నీ వడ్డించి కూర్చున్నారు. ఎవరూ ముద్ద కలపలేదు. నాగమణి ఫోను పచ్చడి జాడీకి ఆనించింది. మోగింది.

తెర మీద సత్యవతి. జుట్టు బాగా నెరిసింది. వెనక తెల్ల పలకల గోడ, చేతిలో కంచం.

"అందరూ వచ్చేరా? వరాలూ, ఇవాళేం తెచ్చేవే?"

నాగమణి ఫోను నా వైపు తిప్పింది.

సత్యవతి కంచం పక్కన పెట్టేసింది. "సిస్టరు గారా?"

రైల్లో కూర్చుని ఊహించుకున్న ముఖం అదే. కాకపోతే అరచేతి వెడల్పు అద్దంలో ఉంది.

"ఒట్టు వేశావు" అన్నాను.

"ఆయ్. వేసేనండీ."

"మరి?"

"నేను పనిచేసిన ఇంటి పెద్దావిడ మంచం పట్టిందండీ. ఎవరు పెట్టినా నోరు తెరవట్లేదంట. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇరవై ఏళ్ళు నా చేతి వంట తిన్నదండీ. వచ్చి గంజి కాసి పెడితే, నా చెయ్యి వాసన చూసి తాగిందండీ."

"నీకేమైనా అయితే?"

"రోజూ మాత్ర వేసుకుంటున్నానండీ. చెబితే మీరు వెళ్ళనివ్వరు. మీ మాట కాదని వెళ్ళలేను. అందుకే చెప్పలేదు." కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీకోసం ఆరేళ్ళు చూసేనండీ. ప్రతి నెలా, నాగమణీ, ఇంకో ఆకు ఎక్కువ కొయ్యవే, సిస్టరు గారు వస్తారేమో అనేదాన్ని. అంతా నవ్వేవోరు. ఇప్పుడు మీరొచ్చేరు, నేను లేను."

నేను తల వంచుకున్నాను. నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఆ ఆరేళ్ళలో డెబ్బై శుక్రవారాలుంటాయి. ఒక్కదానికీ రాలేదు నేను.

"ఎప్పుడొస్తావే?" అన్నాను చివరికి.

"ఆవిడ ఉన్నన్నాళ్ళండీ. ఆవిడ పోవాలని కోరుకోలేను కదా."

"కోరుకోవద్దు."

"తినండి, చల్లారిపోతాయి. నేనూ తింటాను." కంచం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మీ ఆకులో పనసపొట్టు కనపడతంది, ఆవ ఘాటుగా ఉందాండీ?"

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ముక్కుకు ఎక్కింది. "బాగా ఉంది" అన్నాను.

"ఎలా ఉందో చెప్పండి. మొత్తం చెప్పండి."

చెప్పాను. నూనెలో వేగిన ఎండుమిర్చి, జీడిపప్పు, పులుపు ఎంత, పొట్టు ఎంత మెత్తగా ఉడికింది, అన్నీ. అది అక్కడ ఒట్టి పప్పన్నం తింటూ ఒక్కొక్క మాటకూ "ఆయ్, ఆయ్" అంటూ తలూపింది. ఇరవై నిమిషాలకు లోపలి గదిలోంచి ఎవరో పిలిచారు. "మామా లేచింది, వస్తానండీ" అని, ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. తెర నల్లగా అయ్యాక కూడా నాగమణి ఫోను కాసేపు అక్కడే ఉంచింది.

ఆ మధ్యాహ్నం చెవుల్లేని చిన్న గిన్నెల్లో ఏలకుల కాఫీ ఇచ్చారు, ఖర్జూరాలతో. కొత్తగా వెళ్ళే ముగ్గురు వచ్చి ఎక్కాలు చదివినట్టు అరబ్బీ మాటలు వల్లె వేశారు. నేను వాళ్ళకు ఒకటే చెప్పాను, ఒంట్లో బాగాలేకపోతే దాచకండని. ఆ రాత్రికి నాగమణి గారు వెళ్ళనివ్వలేదు. లాడ్జీలు రాజోలులో, అమలాపురంలో ఉన్నాయిగానీ, దూరంనుంచి వచ్చేవాళ్ళను ఈ ఆడవాళ్ళు ఎటూ లాడ్జీకి పోనివ్వరు. బీపీ మిషను వాళ్ళకే ఇచ్చేశాను. ఈ భోజనాలకు వెళ్ళదలచినవాళ్ళు ఒక కూర పట్టుకెళితే చాలు. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళే కానక్కర్లేదు, వెళ్ళినవాళ్ళ కోసం ఎదురుచూసినవాళ్ళైనా ఫర్వాలేదట.

శనివారం ఉదయం ఏడింటికి మలికిపురంలో రాజమండ్రి బస్సెక్కాను. నాగమణి గారు రెండు కొబ్బరికాయలు సంచిలో పెట్టారు. రాజోలు, తాటిపాక, మళ్ళీ వంతెన. నిన్న ఇదే దారిలో ఒక మనిషిని చూడబోతున్నానన్న సంబరంతో వచ్చాను. ఆ మనిషి ఇంకా సముద్రానికి అవతలే ఉంది. మస్కట్‌లో ఆ గదిలో కూర్చుని మేమంతా కోరుకున్నది ఈ కొబ్బరిచెట్ల నీడే. ఈ నీడలో కూర్చుని ఈ ఆడవాళ్ళు తలుచుకునేది అలాంటి గదినే. నాకు తునిలో అటువంటి నీడా లేదు, గదీ లేదు. ఉన్నది నిన్న పద్నాలుగు మంది మధ్య పరిచిన చాప మీద కాస్త చోటు.

రాజమండ్రిలో రైలు పదకొండుకి. ఎదురు సీట్లో వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దాయన, సామర్లకోట దాటాక పలకరించారు.

"ఎందాకా వెళ్ళొస్తున్నారమ్మా?"

"మలికిపురమండీ. భోజనానికి."

"పెళ్ళా?"

"కాదండీ. ఊరికే భోజనానికి."

ఆయన ఒలవడం ఆపారు. "ఒక్క పూట భోజనానికి ఇంత దూరమా?"

"నెలకు ఒకసారే కదండీ" అన్నాను.