మెట్లు లేని మోటెల్

మొన్న ఆదివారం మెల్‌బోర్న్ శివార్లలో, క్రెయిగీబర్న్‌లోని మా ఇంట్లో అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, నా కాఫీ చల్లారేలోగా ఫోనులోనే మంచుకొండల దగ్గర బస ఖాయం చేసేసి, "డన్ అమ్మా, బుక్డ్!" అంది. స్నానాలగది కుళాయిలతో సహా అన్ని ఫొటోలూ చూపించింది. ఆ కుళాయిలు చూస్తూ చూస్తూ నేను మెల్‌బోర్న్‌లో మా మొదటి చలికాలానికి వెళ్ళిపోయాను.

కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి అల్లకల్లోలం చేస్తాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అనే మావారికి ఇక్కడ ఆ తేదీలు సరిదిద్దే ఉద్యోగం దొరికింది, మనలో చాలామంది ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ఆ భయమే కదా. అత్తయ్యగారు గుంటూరు నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చారు. ఆవిడకి నా మీద కోపం లేదు గాని చనువూ లేదు. "అమ్మాయీ, ఉప్పెక్కడుంది" అన్నంత మేరకే మా మాటలు. అటువంటి మనిషి ఒకనాడు ఏదో ప్రకటన కాగితంలో మంచు మీద పరుగెత్తే మోటారు బండి బొమ్మ చూసి, మోకాళ్ళు తడుముకుంటూ, నడవక్కర్లేకుండా మంచు చూపించే బండి ఇదొక్కటే గదా అన్నారు. ఆవిడ నోరు తెరిచి ఒక కోరిక చెప్పడం మావారే ఎన్నడూ వినలేదట.

మావారికి ఆఫీసులో తలెత్తే తీరిక లేదు కనుక బస చూసే పని నా మీద పడింది. కొండమీది హోటళ్ళు మా తాహతుకి అందేవి కావు. కొండ కింది ఊళ్ళో, కారు గుమ్మం ముందే ఆపుకునే చవక మోటెళ్ళు కొన్ని టెలిఫోను డైరెక్టరీలో కనిపించాయి. ఇంగ్లీషు ఎమ్మే చదివిన నాకు ఇక్కడి ఇంగ్లీషు ఫోనులో వింటే మాత్రం సగం అర్థమయ్యేది కాదు. మొదటి చోట గదిలో వంట కుదరదన్నారు. అత్తయ్యగారేమో బయటి తిండి ముట్టరు. రెండో చోట మాట్లాడిన అబ్బాయి చెప్పినదాంట్లో నాకు "మేట్" అన్నదొక్కటే అర్థమైంది. మూడో చోట ఫోనెత్తినావిడ పెద్దమనిషిలా ఉంది. మెట్లున్నాయా అని అడగ్గానే, "హూజ్ గాట్ ద బ్యాడ్ నీజ్, లవ్?" అని, మోకాళ్ళ నొప్పి ఎవరికమ్మా అన్నట్టు ఆప్యాయంగా ఎదురడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నా బెరుకు పోయింది. కింది గది, మూలన చిన్న కరెంటు పొయ్యి ఉన్నాయంది. ఇంగువ వాసన సంగతి నేను ముందే చెప్పేస్తే, తన మొగుడు రోజూ చేపలే వేయిస్తాడులే అని నవ్వింది. మావారు కొండకి దగ్గరగా ఉన్న ఇంకో మోటెల్లో మేడమీది గదే మేలన్నారు గాని నేను పట్టుబట్టాను. పట్టుబట్టాక భయమేసింది, ఏది తేడా వచ్చినా మాట పడేది నేనే కదా.

వెళ్ళేసరికి బోర్డులో సగం దీపాలు వెలగడం లేదు, గది ఇరుకు, తివాచీ వెలిసిపోయింది. మావారు తివాచీ వంకా నా వంకా చూశారు. అత్తయ్యగారు మాత్రం ఎక్కడా కాలెత్తే పని లేకుండా నేరుగా మంచం దాకా నడిచి, కరెంటు దుప్పటి పరిచిన పక్క మీద కూర్చుని, "అబ్బ, కుంపటి పెట్టిన బాలింత మంచంలా ఉందర్రా!" అన్నారు. నా గుండె కుదుటపడింది.

మర్నాడు పొద్దున్నే మోటెలావిడ తన రబ్బరు బూట్లూ దళసరి కోటూ తెచ్చి, నేతచీర మీదే అత్తయ్యగారికి స్వయంగా తొడిగింది. తీరా కొండమీదికి వెళ్ళాక, బండి నడిపే కుర్రవాడి వెనక కూర్చుని నడుము పట్టుకోవాలనేసరికి అత్తయ్యగారు రెండడుగులు వెనక్కి వేశారు. ఇంతదూరం వచ్చి వట్టి చేతులతో తిరిగి పోతామేమోనని నాకు బెంగ పట్టుకుంది. నేను నడుపుతానమ్మా అని మావారు ముందుకొచ్చారు.

"నీకు సైకిలే సరిగ్గా రాదు, నువ్వేం నడుపుతావురా! కోడలు కాలేజీకి మోపెడ్ మీద వెళ్ళేదిగా, అది నడిపితే ఎక్కుతా."

పెళ్ళిచూపులనాడు ఆ మోపెడ్ సంగతి విని మూతి ముడిచిన మనిషావిడ! కుర్రవాడు నాకు కాసేపు నేర్పి, తన బండి మీద ముందు మెల్లగా దారి తీశాడు. అత్తయ్యగారి రెండు చేతులూ నా నడుముని ఉడుంపట్టు పట్టాయి. తెల్లటి చెట్లు ఇరుపక్కలా వెనక్కి పోతుండగా, భయంతో కళ్ళు మూసుకున్నారేమోనని నేననుకుంటున్నంతలో చెవి దగ్గర కేక వినిపించింది: "ఇంకొంచెం పోనీవే!"

అమ్మాయీ పోయి 'వే' వచ్చింది. నాకు చలిలో కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ సాయంత్రం అత్తయ్యగారు మిరియాల చారు కాస్తే, మోటెలావిడ ఒక కప్పు తాగి దగ్గుతూనే ఇంకో కప్పు అడిగింది. ఆవిడ వెళ్ళాక మేం ముగ్గురం ఎదురెదురు మంచాల మీద దుప్పట్లలో దూరితే, అత్తయ్యగారు చిన్నప్పుడు అన్నగారి సైకిలు దొంగతనంగా నేర్చుకుని దెబ్బలు తిన్న కథ చెప్పారు. కన్నకొడుకే నోరు తెరుచుకుని విన్నాడు.

అత్తయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మేం ఎక్కడికి వెళ్ళినా ఎవరి గది వారిది, తలుపు వేసుకుంటే ఎవరి లోకం వారిది. సౌకర్యమే, కాదనను. కాని దీపం ఆర్పబోయే ముందు ఎదుటి మంచం మీది మనిషి ఏదో గుర్తొచ్చి, "ఒసే, నిద్రపోయావా?" అని పలకరించే ఇరుకు మాత్రం ఏ గదిలోనూ దొరకడం లేదు.