మొద్దు తీసేసిన చోట

మా ఊళ్లో కుండ తిరగదు, మనిషే తిరుగుతుంది. నేలలో పాతిన తాటిమొద్దు మీద మట్టిముద్ద పెట్టి, ఆడవాళ్లం దాని చుట్టూ వెనక్కి నడుస్తూ చెక్కతో తట్టి కుండకు రూపు తెస్తాం. మా కంపాంగ్ ఛ్నాంగ్ జిల్లా చుట్టుపక్కల అందరిదీ ఇదే పద్ధతి. మా పక్కింటి థావ్రీ అక్క అలా ముప్ఫై ఎనిమిదేళ్లు తిరిగింది. ఇదే నడక తిన్నగా నడిచి ఉంటే ఈపాటికి సముద్రం చూసి వచ్చేదాన్నని నవ్వేది. ఎద్దుబండి మీద ఊరూరా కుండలమ్మేవాళ్లు ముందు ఆమె ఇంటి దగ్గరే ఆగేవారు.

కిందటేడు వానల్లో తడిమట్టి గంప దించబోయి జారిపడింది. తుంటి విరిగింది. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి లోపల కొత్త కీలు పెట్టారు. రాజధానిలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు సెలవు పెట్టి వచ్చి తల్లి దగ్గర ఉంది. భర్త సంబాత్ బావను మాత్రం, ఇల్లు సర్దిపెట్టమని చెప్పి నర్సు ఇంటికి పంపేసింది.

ఏమేం చేయాలో ఆవిడ వేళ్లు మడిచి చెప్పిందట. అక్క మెట్లెక్కకూడదు. నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూచోకూడదు. మంచం మీద కూర్చుంటే మోకాళ్లు తుంటికంటే కిందికే ఉండాలి. నడిచే దారిలో చాప అంచు కూడా కాలికి తగలకూడదు. బావ చదువుకోలేదు. దారి పొడవునా అదంతా వల్లె వేసుకుంటూ వచ్చి, దిగీ దిగగానే నాకు అప్పజెప్పాడు, తను మర్చిపోతే నేనైనా గుర్తుచేస్తానని.

ఆ అయిదు రోజులూ ఆయన కూర్చోగా నేను చూడలేదు. మా ఇళ్లు ఎత్తు స్తంభాల మీద ఉంటాయి; పడక పైన, మట్టిపని కింద స్తంభాల మధ్య నీడలో. మంచాన్ని కిందికి దించాడు. నాలుగు కోళ్ల కిందా దిమ్మెలు పెట్టి ఎత్తు చేశాడు. నాదీ అక్కదీ ఒకే ఎత్తని నన్నే కూర్చోబెట్టి కొలత చూసుకున్నాడు. స్తంభాల మధ్య తాటాకు దడి కట్టాడు. పాత కుర్చీకి మధ్యలో గుండ్రంగా కోసి మరుగుదొడ్డి మీదికి అమర్చాడు. అక్కడిదాకా పట్టుకుని నడిచేందుకు నున్నగా చెక్కిన వెదురు కడ్డీ కట్టాడు. వంగకుండా వండుకోవచ్చని పొయ్యిని బల్ల మీదికెక్కించాడు. నీళ్ల కుండ, దీపం, పిలవడానికి ఎద్దు మెడలోని గంట, అన్నీ మంచం మీది నుంచి చెయ్యి చాస్తే అందేలా పెట్టాడు.

మొద్దు ఒక్కటే అడ్డంగా మిగిలింది. అది సరిగ్గా మంచానికీ దొడ్డిదారికీ మధ్య ఉంది. అక్క వాళ్లమ్మ పాతిన మొద్దు. దాని చుట్టూ ఇద్దరి పాదాలకూ నేల అరిగి గాడిలా పడింది. బావ కాలితో గాడి లోతు చూసి, "ఆసుపత్రి వాళ్లిచ్చే నాలుగు కాళ్ల ఊతం ఇందులో దిగబడుతుంది కదా?" అన్నాడు. దిగబడుతుంది బావా అన్నాను. పలుగు ఆయన పట్టాడు, తాడు నేను లాగాను. మంచం మరో పక్కకు జరపొచ్చని మా ఇద్దరికీ తట్టలేదు. గాడి పూడ్చి నేలంతా సిమెంటు చేశాడు. మొద్దును చీల్చి వంటచెరుకుగా నాకే ఇచ్చాడు. అక్క వచ్చిన రోజున ఎండుచేప వేసి నేను గంజి కాచింది ఆ కట్టెలతోనే.

ఆ రోజు అక్క బండి దిగి, నాలుగు కాళ్ల ఊతం మీద మెల్లగా లోపలికి వచ్చింది. మంచం చూసింది, వెదురు కడ్డీ తడిమి చూసింది. తరువాత నేల వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

"ఇక్కడిది ఏదీ?" అంది.

"తట్టుకుని పడతావని తీసేశాను. ఎంత చదునుగా ఉందో చూడు" అన్నాడు బావ. ఆయన మొహం వెలిగిపోతోంది.

అక్క మంచం మీద కూర్చుని, ఎత్తు సరిపోయిందని మాత్రం చెప్పింది.

గాయం బాగానే మానింది. ఆమె ఒక్కసారి కూడా తూలలేదు, పడలేదు. నాలుగో నెలలో డాక్టరు చూసి, గొంతుక్కూచునే పనులు వద్దు కానీ నిలబడి చేసేవి, నడుస్తూ చేసేవి ఎన్నయినా చేసుకోవచ్చన్నాడు. బావ ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెబుతూ సగంలో ఆగిపోయాడు. నిలబడి, నడుస్తూ చేసే పని. అంటే కుండల పనే.

మర్నాడే సిమెంటు పగలగొట్టి కొత్త మొద్దు పాతాడు. అక్క కాదనలేదు. మట్టిముద్ద పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. మూడు చుట్లు తిరిగి ఆగింది. వెనక్కి వేసే ప్రతి అడుగుకీ కిందికి చూసుకుంటోంది. మళ్లీ రెండు చుట్లు. చెక్క కింద పెట్టేసి, మట్టి మీద తడిగుడ్డ కప్పి వెళ్లి కూర్చుంది. అలా వారం రోజులు ప్రయత్నించి మానేసింది. అది మొద్దు మార్చినందుకో, పడిన భయం పోకనో, పాత గాడి లేకనో నేను చెప్పలేను. 

ఒక మధ్యాహ్నం నేనే ఉండబట్టలేక, ఆ రోజు తాడు లాగింది నేనేనక్కా అన్నాను.

"తెలుసులే చాంథూ. మీ బావ చెప్పాడు" అంది. "ఒక్క మాట అడిగి ఉంటే తీసెయ్యమని నేనే చెప్పేదాన్నేమో. అప్పుడు నాకింత బాధగా అనిపించేది కాదు" అంది.

ఆ మాట బావకు చెప్పలేదు. చెబితే తట్టుకోలేడనుకున్నాను. ఒక్కోసారి, బావకు చెప్పకుండా ఉండటం కూడా ఆమెను అడగకుండా మొద్దు తీసిన పని లాంటిదే కదా అనిపిస్తుంది.

ఇప్పుడు అక్క మా ఇంటికి వచ్చి, నేను చేసిన కుండల మెడ మీద గీతల నగిషీ పెడుతుంది. ఆమె కోసం బావ ఎత్తు కుర్చీ ఒకటి చేసి తెచ్చాడు. ఈసారి అంగుళం పైకా కిందికా అని మూడు పూటలు ఆమెనే అడిగి చేశాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. కుర్చీ బాగా కుదిరింది. నేను మొద్దు చుట్టూ తిరుగుతుంటే ఆమె నా పాదాల వైపు చూడదు.