ఇంటికొక చెయ్యి

బ్రిటన్ వాళ్ళ గొడవ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీ. 2019లో లండన్ పార్లమెంటులో సభ్యులు ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, బోధన్ దగ్గర మా ఊళ్ళో నేనూ మా బాపూ ఒకే కుండ అన్నం ఎడమొహం పెడమొహంగా తిన్నాం. గొడవ బ్రెగ్జిట్ గురించే. కాకపోతే ఆ మాట ఎత్తినప్పుడల్లా మా ఇద్దరికీ కళ్ళముందు కనబడేది మా అక్క పొలం.

నేను బోధన్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక బాపుతోనే ఉంటున్నాను. అక్కను పక్క ఊరికే ఇచ్చాం. మాది చెరువు కింద పై ఊరు, అక్కది కాలువ చివర కింది ఊరు. చెరువు మా శివారులో ఉన్నా నీళ్ళు రెండూళ్ళవీ. తాతల నాటి నుంచి వంతులుండేవి. తూము ఎత్తే మనిషిని కూడా రెండూళ్ళూ కలిసే పెట్టుకునేవి, కోతలయ్యాక రెండూళ్ళూ అతనికి వడ్లు కొలిచి ఇచ్చేవి.

చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళు ఈ నీళ్ళ మీద ఎవరూ గొంతు పెంచలేదు. బాపుకు గానుగ సీజన్లో ఫ్యాక్టరీలో పని, మిగతా రోజుల్లో మాకున్న కాస్త పొలం. ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తోటలన్నీ పోయి అందరూ వరికి దిగారు. వరంటే నాట్ల నాడు అందరికీ ఒకేసారి నీళ్ళు కావాలి. దాని మీద కరువొచ్చింది. చెరువు అడుగంటింది. జనం కడుపులో కోపం ఉంది, దాన్ని ఎవరి మీద తీర్చుకోవాలో తెలియదు. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు అది పోయి పోయి కింది ఊరి మీద పడింది. మన నీళ్ళు మనకే అని ఎవరో అన్నారు. ఆ మాట చెవికి ఎంత ఇంపుగా ఉందంటే, వారం తిరక్కుండానే ఊరంతా అదే మాట.

మా జిల్లాలో ఊరూరా ఒక గ్రామ కమిటీ ఉంటుంది. సర్పంచి మాట కన్నా దాని మాటే ఎక్కువ చెల్లుతుంది. కాదన్నవాడికి తప్పు వేస్తుంది, అంటే జరిమానా. ఇంకా కాదంటే మాట్లాడేవాళ్ళు లేకుండా చేస్తుంది. ఆ కమిటీ ఓటు పెట్టింది. మా ఊరి ఓటంటే ఇంటికొక చెయ్యి. ఇంట్లో పెద్ద మగవాడు లేచి చెయ్యెత్తుతాడు, ఆ ఇంట్లో ఎంతమందున్నా అదొక్కటే లెక్క. ఆడవాళ్ళను పిలవడమే ఉండదు. కొద్ది చేతుల తేడాతో కింది ఊరితో పొత్తు వద్దనేవాళ్ళు గెలిచారు. బ్రిటన్ వాళ్ళు యూరప్ పొత్తులోంచి బయటికి పోతామని ఓటేసింది కూడా ఆ ఏడాదే, 2016లో. వాళ్ళదీ చిన్న తేడానే.

మా బాపు పొత్తు వద్దనే చెయ్యెత్తి ఇంటికొచ్చాడు. సొంత బిడ్డను ఇచ్చిన ఊరికి నీళ్ళాపడానికి చెయ్యెత్తి, వచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టు బిడ్డా అన్నాడు. నేను పెట్టలేదు. ఆ పూట ఆయనే పెట్టుకుని తిన్నాడు.

రెండూళ్ళ పొలిమేరలో కాలువకు ఇనుప షట్టర్ బిగించి తాళం వేశారు. తూము మనిషిని మాన్పించారు. అప్పటినుంచి ఎవరి వంతు నాడు తూముదీ షట్టర్‌దీ తాళంచెవులున్న గుత్తి వాళ్ళింటికి వస్తుంది, వంతు అయ్యాక పక్కింటికి పోతుంది. కింది ఊరికి వానకాలం పంట వాన దయ, యాసంగి పంట దేవుడి దయ. అక్క తన మడి బీడు పెట్టి, ఇతరుల మళ్ళలో నాట్లకు పోయింది, తక్కిన రోజుల్లో బీడీలు చుట్టింది. బాపును ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు మండేది.

మూడో ఏడు బావ తేల్చి చెప్పాడు. వచ్చే యాసంగికి నీళ్ళు రాకపోతే పొలం అమ్మేసి నిజామాబాద్ పోయి బతుకుదామని. ఆ మాట అక్క నాతో చెప్పినప్పుడు ఆమె చేతులు బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉన్నాయి. కళ్ళు మాత్రం ఆకు మీద లేవు.

సరిగ్గా అప్పుడే లండన్ భగ్గుమంది. బయటికి పోయే ఒప్పందాన్ని పార్లమెంటు ఒకసారి, రెండోసారి, మూడోసారి కూడా కొట్టేసింది. క్లాసులో బోర్డు మీద పటం గీసి చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి, ఒకసారి ఓటేశాక మళ్ళీ అడగొచ్చా మేడం అంది. ఆ ప్రశ్నను తీసుకొచ్చి నేరుగా మా బాపు ముందర పెట్టాను.

ఇక మా ఇల్లే పార్లమెంటైంది. మేలో యూరప్ ఎన్నికలు జరిగితే నిన్నగాక మొన్న పుట్టిన పార్టీ, బయటికి పోవుడొక్కటే మా పని అనే పార్టీ, మొదటి స్థానంలోకొచ్చింది. ఏలే పార్టీ ఎక్కడో అడుగుకు పోయింది. వాళ్ళ ప్రధాని కళ్ళనీళ్ళతో దిగిపోయింది. బాపు ఆ రోజు తానే గెలిచినట్టు తువ్వాల దులిపి భుజాన వేసుకుని ఊళ్ళోకి పోయాడు. సర్వేల్లో ఇప్పుడు జనం పొరపాటు చేశామంటున్నారని నేను పేపరు గట్టిగా చదివి వినిపిస్తే, సర్వేవాడు మన గడపకు ఎన్నడన్నా వచ్చిండా అనేవాడు. కొత్త ప్రధాని పార్లమెంటుకు తాళం వేస్తే కోర్టు ఆ తాళం చెల్లదంది. ఆ సాయంత్రం నేను సేమ్యా పాయసం చేశాను. ఎందుకు చేశానో బాపుకు తెలుసు. రెండు గిన్నెలు తాగాడు, బాగుందని మాత్రం అనలేదు.

ఊరికే ఇంట్లో అరిస్తే అక్క మడి తడవదు కదా. కమిటీ దగ్గరికి పోయాను. మళ్ళీ ఓటు పెట్టండి, మూడేళ్ళలో జనం మనసు మారింది అన్నాను. కమిటీ పెద్దమనిషి తెలివైనవాడు, నవ్వు మొహం. పెళ్ళి కాని దానికి ఊరి సంగతెందుకని వెనకాల అంటాడు, ఎదురుగా చెల్లె అని పిలుస్తాడు. నేను లండన్ లండన్ అంటుంటే విని విని అందరి ముందరా అన్నాడు.

"సరే చెల్లె. లండనోళ్ళు మళ్ళ అడిగితే మనం గూడ అడుగుదం. వాళ్ళు అడగకపోతే నువ్వు గూడ అడగొద్దు."

నేను రోషంతో సరే అనేశాను. ఎంత తెలివితక్కువ పనో చూడండి. మా చెరువు నీళ్ళు తీసుకుపోయి, మా ఊరెక్కడుందో తెలియని జనం చేతిలో పెట్టాను.

డిసెంబర్లో వాళ్ళకు ఎన్నికలొచ్చాయి. మళ్ళీ ఓటు పెడతామన్న ప్రతిపక్షం ఘోరంగా ఓడింది. బొగ్గు గనులు, మిల్లులు మూతపడ్డ ఊళ్ళు, తాతల నుంచి ఆ పార్టీని వదలని ఊళ్ళు కూడా ఈసారి చెయ్యిచ్చాయి. తెల్లారి టీవీ ముందర కూర్చుని నేను ఆ ఊళ్ళను చూస్తుంటే మా ఫ్యాక్టరీ గేటే కనబడింది. వాళ్ళ మీద కోపం కూడా రాలేదు. ఏడుపొచ్చింది. బాపు నా వైపు చూసి, గెలిచానని ఒక్క మాట కూడా అనకుండా చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చాడు.

మధ్యాహ్నానికల్లా పెద్దమనిషి కబురు పంపాడు, లండన్ సంగతి అయిపోయింది కదా అని. అప్పుడు పుట్టింది నాకు మొండితనం. పేపరు మళ్ళీ చదివాను. అన్ని పార్టీల ఓట్లూ కూడితే మళ్ళీ అడగాలన్న పార్టీలకు పడ్డవే ఎక్కువ. అవి నాలుగు దిక్కులకు చీలిపోయాయి, సీట్లేమో ఒక దిక్కుకే పోయాయి. జనం మనసు ఒకటి, లెక్క ఒకటి. మరి మా ఊళ్ళో మాత్రం ఏముంది? ఇంటికొక చెయ్యి అన్నప్పుడు సగం ఊరు లెక్కలోనే లేదు. కింది ఊరికి బిడ్డల్నిచ్చిన తల్లులు, ఆ ఊళ్ళో పుట్టి మా ఊరికి కోడళ్ళై వచ్చినవాళ్ళు ఇంటింటా ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి చెయ్యి కూడా ఎవరూ చూడలేదు. నేను ఇచ్చిన మాట తప్పాను. తప్పినందుకు నాకేం సిగ్గు లేదు.

ఇల్లిల్లూ తిరిగాను. మొదట కదిలింది మా పక్కింటి అవ్వ. ఆమె చిన్న బిడ్డదీ కింది ఊరే, అక్క మడి పక్క మడే. నేను బ్రిటన్ సంగతి మొదలుపెట్టబోతే ఆపేసి, అదంతా ఎందుకు, ఎప్పుడు రావాలో చెప్పమంది. క్రిస్మస్ ముందు శనివారం కమిటీ కూర్చున్నప్పుడు వాకిలి నిండా ఆడవాళ్ళం పోయి కూర్చున్నాం. కొందరు బీడీల చాటలు కూడా తెచ్చుకున్నారు, ఎంతసేపైనా లేచేది లేదన్నట్టు. పెద్దమనిషి లెక్క వేసుకున్నాడు. మగవాళ్ళ మనసులు ఆయనకు తెలుసు. సరే, ఎత్తండి, కాని ఇంటికొక చెయ్యే అన్నాడు.

ఎవరికి వారుగా ఉందామనేవాళ్ళు ఎత్తమన్నాడు. బాపు చెయ్యి లేచింది. పొత్తు కావాలనేవాళ్ళు అనగానే నేనూ లేచి నిలబడి ఎత్తాను. నా వెనకాల అవ్వ ఎత్తింది, ఇంకా కొందరు ఎత్తారు. ఒక్కో ఇంటికి రెండేసి చేతులు మా ఊరు ఎన్నడూ చూడలేదు. పెద్దమనిషి మొదట మా ఇంటినే పట్టుకున్నాడు.

"ఏందే అన్న, మీ ఇంటికి రెండు సేతులా? ఒకటి దించుండ్రి."

నేను దించనన్నాను. అందరూ బాపు వైపు చూశారు. ఆయన తన చెయ్యి వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దించాడు.

"నాది తీసెయ్యుండ్రి. నా బిడ్డది రాసుకోండ్రి. నా మనసైతే మారలే, గది గూడ రాసుకోండ్రి."

మనసు మారకుండానే చెయ్యి దించిన మనిషిని నేను అంతకుముందు టీవీలో చూడలేదు, పుస్తకంలోనూ చదవలేదు.

కాని ఆ వాకిట్లో బాపు ఒక్కడే అలా చేశాడు. అవ్వ కొడుకు తన చెయ్యి దించలేదు. కొడుకున్న ఇంట్లో తల్లి చెయ్యి లెక్కకు రాదన్నారు. మిగతా ఆడవాళ్ళ చేతులూ అట్లాగే కొట్టివేశారు. మళ్ళీ ఓడిపోయాం. మన నీళ్ళు మనకే అని పెద్దమనిషి లేచి పంచె దులుపుకున్నాడు. అవ్వ చాట ఎత్తుకుని ఇంటికి పోయింది.

నాలుగు రోజులు గడిచాక మా వంతు వచ్చింది. పొద్దున్నే తాళంచెవుల గుత్తి మా ఇంటికొచ్చింది. బాపు పార భుజాన వేసుకుని నన్నూ రమ్మన్నాడు. మా మడి దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. కాలువ గట్టు వెంబడి పొలిమేర దాకా నడిచి, షట్టర్ తాళం తీసి, ఇద్దరం కలిసి చక్రం తిప్పాం. తుప్పు పట్టి కదలనంటే రాయితో కొట్టి మరీ తిప్పాం. నీళ్ళు ఒక్క క్షణం ఆగి, కింది ఊరి వైపు దూకాయి.

ఎవరు చెప్పారో, పెద్దమనిషి బండి మీద వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. తప్పు పడుతుందన్నాడు, ఊళ్ళో ఎవరూ మాట్లాడరన్నాడు. బాపు పార నేలకు ఆనించి నిలబడ్డాడు.

"మన నీళ్ళు మనకే అంటిరి. నేనే సెయ్యెత్తిన. గీ దినం నీళ్ళు నావి. నావి నా బిడ్డకు ఇచ్చుకుంటున్న. తప్పు ఏసుకుంటే ఏసుకోండ్రి, నేను కట్ట."

పెద్దమనిషి బండి తిప్పుకుని పోయాడు. దూరంగా అక్క తన మడి గట్టు మీద నిలబడి చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంటున్నది. మా వైపు రాలేదు, చెయ్యూపలేదు. వంగి, చేతులతోనే మట్టి తీసి మడికి దారి ఇచ్చింది. ఆ వంతుకు మా మడి ఎండింది. ఎండనీ. దారిలో బాపు మళ్ళీ మొదలుపెట్టాడు, ఏదేమైనా లండనోళ్ళు చేసిందే కరెక్టని. నేనూ ఊరుకోలేదు. ఇంటిదాకా అరుచుకుంటూనే వచ్చాం. అయితే మా ఒక్క వంతుతో నాటు పడుతుందే గాని పంట నిలవదని ఇద్దరికీ తెలుసు.

మా తర్వాత వంతు పక్కింటిది. గుత్తి ఇవ్వడానికి పోతే అవ్వ కొడుకు చెయ్యి చాచాడు. ఆ చేతికీ నా చేతికీ మధ్యలోకి అవ్వ వచ్చింది. గుత్తి తీసుకుని కొంగున ముడివేసుకుంది. కొడుకు ఏదో అనబోతే వాడి మొహం కూడా చూడలేదు.

"నా సెయ్యి లెక్కకు రాదన్నరు గదా," అంది నాతో, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "తాళం తిప్పనీకైతే వస్తది. పా."