ఐదో చెట్టు

మామ పోయినాడని మొన్న శుక్రవారం పొద్దున తెలిసింది. కువైట్‌లో, రిగ్గైలో మా రూములో అందరం కూర్చొని ఉప్మా తింటాంటే ఊరి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేసినాడు. "నాయన పోయినాడన్నా, నిద్దట్లోనే" అన్నాడు. నేను నమ్మలేదు. జనానికి నేను చెప్పేవన్నీ అబద్ధాలే కాబట్టి, నాకు ఎవురేం చెప్పినా ముందు అదే అనుకుంటా. "ఒట్టెయ్" అన్నాను. ఫోన్‌ను ఇంట్లో ఏడుపుల దిక్కు తిప్పినాడు. అప్పుడు నమ్మినాను.

సొంత మామ కాదు, మా పక్కూరాయన. జహ్రాలో ఒకే ఇంట్లో ఆయన డ్రైవరు. నేను కార్లు కడిగి, చెట్లకు నీళ్ళు పట్టి, మేకలకు మేత వేసేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై, ఆయనకు నలభై. నేను "మామా" అని కేకేస్తే ఇంటావిడ పలికేది. కువైట్‌లో యజమానురాలిని మామా అనే పిలుస్తారు గదా. ఆమె వంటింట్లోంచి వచ్చి "ఏం కావాల?" అనేది, నేను చెయ్యి చాపి మామను చూపించేవాణ్ణి. ఆట దొరికింది. పని లేకున్నా పిలిచేవాణ్ణి. కడాకు మామే అన్నాడు, "ఒరే అబ్బీ, ఇద్దర్లో ఒకరి పేరు మార్చు. ఆమె జీతమిస్తాది, నాదే మార్చు." నేను మార్చలేదు.

మామ మిలిట్రీలో చేసినోడు. బంగ్లాదేశ్ యుద్ధంలో మోకాలి కింద గాయమై ఇంటికి పంపించినారు. నడిస్తే కుడికాలు ఎడమదాని కన్నా రవ్వంత ఆలస్యంగా పడేది. దుప్పటి అగ్గిపెట్టె మాదిరి మడిచేవాడు. చెప్పులు జతగా, మొనలు వాకిలి దిక్కు పెట్టి విడిచేవాడు. నేను ఒకదాన్ని తిప్పి పెట్టేది, ఆయన సరిచేసేది. దినామూ ఇదే. "లేచి పరిగెత్తాల్సొస్తే మనిషి చెప్పులు వెతుక్కోగూడదు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. తొంభై ఆగస్టులో ఇరాక్ మిలిట్రీ కువైట్‌లో దిగిన పొద్దు నా చెప్పు ఒకటి మంచం కింద, ఇంకోటి మేకల దొడ్లో ఉన్నాయి.

ఆయన ట్రంకుపెట్టెలో మిలిట్రీ డిశ్చార్జి పుస్తకం ఉండేది. ఫోటో, నంబరు, వేలిముద్ర, కాలి గాయం సంగతి, అన్నీ దాంట్లోనే. గాయమై వచ్చినోళ్ళకు పింఛను ఉంటాదని ఆ ఏడాదే ఎవురో చెప్పినారు. సెలవుకు పోయి అర్జీ పెడదామని ఉన్నాడు. చిక్కేమంటే, ఏజెంటు ఆయన్ను వేరే మనిషి వీసా మీద, ఆ మనిషి పేరుతోనే విమానమెక్కించినాడు. మా పక్క అప్పట్లో అట్లా శానామంది వచ్చినారు. పాస్‌పోర్టులో ఒక పేరు, మిలిట్రీలో ఒక పేరు. ఆ ఇద్దరూ ఒకడే అని చెప్పేది ఆ పుస్తకమొక్కటే.

కఫీల్, అదే మా యజమాని, ఎండలకని కుటుంబంతో వేరే దేశం పోయున్నాడు. ఇంట్లో మేమిద్దరం, మేకలు. ఇరాక్ సైనికులు ఇల్లిల్లూ తిరిగి, కువైట్ మిలిట్రీ మనుషులెవురన్నా దాక్కున్నారా అని వెతుకుతాండారు. యూనిఫాం ఫోటో కనపడితే అది ఏ దేశం మిలిట్రీ అని ఎవురు అడుగుతారు? "కాల్చేద్దాం మామా" అన్నాను. మామ పుస్తకాన్ని ఎదకు అదుముకున్నాడు. "పూడ్చు" అన్నాడు.

పెరట్లో గోడ వారగా ఐదు ఖర్జూరం చెట్లు. మామ వీధి వాకిట్లో కాపలా నిలబడినాడు. నేను పుస్తకాన్ని పాలపొడి డబ్బాలో పెట్టి మూడో చెట్టు మొదట్లో పూడ్చినాను. లోపలికొచ్చి, "ఐదో చెట్టు కింద పెట్టినా మామా" అన్నాను.

ఎందుకట్లా అన్నానంటే మీరు తిడతారు. తిట్టండి. అది చెప్పు తిప్పిపెట్టడం లాంటిదే. అంతా సర్దుకున్నాక మామ ఐదో చెట్టు కింద చెమటలు కక్కుతా తవ్వాల, నేను పక్కన కూర్చొని కాసేపు చూసి మూడోదాన్ని చూపించాల. అంతే నా కోరిక.

అందరి మాదిరే మేమూ ఊరి దోవ పట్టినాం, బస్సుల్లో బాగ్దాద్, ఆమీద జోర్డాన్ ఇసుకలో గుడారాలు, ఆమీద బొంబాయి. గుడారాల దగ్గర నీళ్ళకు జనం కొట్టుకుంటాంటే మామ కుంటికాలితో మధ్యన నిలబడి వరస కట్టించినాడు. తాను ఆఖర్న తాగినాడు. ఊరికి చేరినాక నేను నిజం చెప్పుండొచ్చు. పుస్తకం యాడికి పోతాది, నేనే తవ్వి చేతిలో పెట్టి ఆ మొగం చూడాలని ఆశ.

యుద్ధం అయిపోయినాక కఫీల్ ముందు మామను పిలిపించుకున్నాడు. మామ ఐదో చెట్టు చుట్టూ మోకాలి లోతు తవ్వినాడంట. ఇంటావిడ అడిగితే "చెట్టుకు పాది చేస్తాండా" అన్నాడంట. నాకు వీసా దొరికేసరికి ఏడాది దాటింది, అదీ అమ్ఘరాలో పాత ఇనుము అంగట్లో. మొదటి సెలవు రోజే జహ్రాకు పోయినాను. నాలుగు చెట్లు లేవు. వాటి జాగాలో మగవాళ్ళు కూర్చునే దివానియా లేచింది. కింద అంతా కాంక్రీటు. మూలన ఐదోదొక్కటే మిగిలింది.

"ల్యాదబ్బీ. చెదలు తినింటాది" అన్నాడు మామ.

రేకు డబ్బాను కూడా తినిందా మామా అని నాలిక చివరికి వచ్చింది. ఎప్పుడూ ఆగని నాలిక ఆ పొద్దు ఆగింది.

సెలవుకు పోయిన ప్రతిసారీ మామ పింఛను ఆఫీసుకు పోయేవాడు. మిలిట్రీ నంబరు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. "ఈ నంబరు మనిషి ఉండాడు పెద్దాయనా, అది నువ్వే అని ఏముంది?" అనేవాళ్ళు. ప్యాంటు మడిచి కాలు చూపించినాడంట. ఒకసారి సాక్ష్యానికి నేనూ పోయినాను. అక్కడి గుమాస్తా మా మండలమాయనే. నన్ను చూసి నవ్వినాడు. "పెండ్లి లేకుండానే ఊరినంతా భోజనానికి పిలిచినోనివి నువ్వే గదా? నీ సాక్ష్యం రాస్తే నా ఉద్యోగం పోతాది సామీ." బయటికొచ్చినాక మామ నా భుజం మీద చెయ్యేసినాడు. "వాళ్ళది తప్పు కాదబ్బీ. కాపలా ఉన్నోడు అడగాల, పోయేటోడు చూపించాల" అన్నాడు.

మామ కువైట్ విడిచి ఊరికి పోయే రోజు, పెట్టె సర్దుతాంటే చెప్పేసినాను. "అది మూడో చెట్టు మామా."

ఆయన దుప్పటి మడుస్తానే ఉన్నాడు. "తెలుసు" అన్నాడు. "తవ్వి చూసినప్పుడే తెలిసింది. అది మనిషి చెయ్యి తగిలిన మన్ను కాదు. మిలిట్రీలో గుంతలు తవ్వినోనికి తెలీదా?"

"మరి మిగతావాటి కింద ఎందుకు తవ్వలేదు?"

"నువ్వొచ్చి నవ్వుకుంటా చూపిస్తావని కాచుకున్నా. ఈలోగా వాళ్ళు కట్టేసినారు."

"చెదలని ఎందుకన్నావు?"

"ఆ పొద్దు నువ్వు నవ్వలేదు గదా." దుప్పటి అంచు ఇంకోసారి సరిచేసినాడు.

పింఛను రాలేదు. ఆయనే ఆ మనిషి అని ఒక్క కాగితమూ చెప్పలేదు. నేను చెప్తాండా. ఈ ఒక్కసారి నమ్మండి.

ఫోన్ వచ్చిన పొద్దే జహ్రాకు పోయినాను. ఐదో చెట్టుకు గెలలు వేలాడతాండాయి, వల సంచులు కట్టినారు. కింద మామ తవ్విన పాది అట్లనే ఉంది, నిండా నీళ్ళు. గేటు దగ్గర నిలబడి, నాకు తెలీకుండానే "మామా" అన్నాను.

లోపల కర్ర చప్పుడైంది. ఇంటావిడ, ముసల్దైపోయింది, మెల్లిగా వాకిట్లోకి వచ్చి కండ్లు చిట్లించి చూసింది. "ఏం కావాల?" అనింది.

నా చెయ్యి అలవాటుగా లేచి చెట్టు దిక్కు చూపించింది.