మూలమట్టానికి లొంగని మోచెయ్యి

మొన్న మా మనవరాలు కాలేజీ సెలవులకు వచ్చి, పెరట్లో ఎండబోసిన కాఫీ గింజల పక్కన సెల్‌ఫోనును ఒక ఇటుకకు ఆనించి నిలబెట్టి, దాని ఎదుట నిలుచుని, మోచేతులూ మణికట్లూ మూలలు తిరిగేలా మడుస్తూ గాలిలో డబ్బాలూ కిటికీలూ మెట్లూ కడుతుంటే, అరుగు మీద కూర్చున్న నాకు ఒక పాత మంట మళ్లీ రాజుకుంది. దాని పేరు టట్టింగట. పేరు నాకు కొత్తేగాని ఆ విద్యతో నా వైరం నలభై ఏళ్ల నాటిది. వైరమని ఇప్పుడంటున్నాను, మొన్నటిదాకా ఇంట్లో చెప్పుకున్నది వేరు. ఈ అరకు కొండల్లో ఆ డాన్సు మొట్టమొదట నేర్చినవాణ్ణి నేనేనని, సినిమా పాటలో కూడా చేశానని, తీరా పాట బయటికొచ్చేసరికి నా ముక్కను ఎవరో కత్తిరించేశారని చెబుతూ వచ్చాను. మనవరాలు అది నమ్మి పెరిగింది. అందుకే, ఒక్క డబ్బా కట్టి చూపించు తాతా, ఇద్దరం కలిసి వీడియో చేద్దామని నా చెయ్యి పట్టుకు లాగింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చేతులు విరిచినా మెడ విరిచినా అంతా బ్రేక్ డాన్సే. వలిసె పూలు పూసి కొండవాలంతా పసుపుపచ్చగా ఉన్న కాలంలో మద్రాసు నుంచి షూటింగువాళ్లు దిగి, పూలచేల మధ్య చెక్కవేదిక కట్టడానికి వడ్రంగి అయిన మా అయ్యనూ, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నన్నూ పిలిచారు. ఆ వేదిక నేనే కట్టానని చాలామందికి చెప్పాను. కట్టింది అయ్య, నేను మేకులు అందించాను, కొట్టిన నాలుగింటిలో రెండు వంకరపోయాయి. ఒక్కటి మాత్రం నిజం, మూలమట్టం పెట్టకుండానే ఏ చట్రం మూల తప్పిందో చూపుతో చెప్పేవాణ్ణి. ఆ గర్వమే నన్ను ముంచింది.

వచ్చిన డాన్సువాళ్లలో ఇద్దరికి మన్యం జ్వరం పట్టుకోవడంతో వెనక వరసలో నిలబడేందుకు కుర్రాళ్లు కావలసి వచ్చారు. డాన్సు మాస్టారి అసిస్టెంటు నన్ను ఏరి పట్టుకున్నాడని చెబుతుంటాను. ఏరలేదు, నేనే పోయి ముందు నిలబడ్డాను. ఎందుకంటే అప్పటికి మా మేనమామ కూతురికి పెదబయలు వైపు నుంచి ఒక బడిపంతులు సంబంధం వచ్చింది. నెల నెలా జీతం వచ్చేవాడి ముందు వంకర మేకుల వాడెవడు? అందుకని సంతలో ఆమె ఎదురుపడినప్పుడు, సినిమాలో కనిపిస్తాను, విశాఖపట్నం తీసుకెళ్లి తెర మీద చూపిస్తానని మాటిచ్చేశాను, అప్పటిదాకా ఆ సంబంధానికి ఊ అనవద్దన్నాను. ఇక ఆ పాటకు పెట్టుకున్న నాలుగు రోజుల్లో ఆ డాన్సు వస్తే పెళ్లి, రాకపోతే నవ్వులపాలు.

చూడడానికి అదేమీ బ్రహ్మవిద్య కాదు. మోచెయ్యి భుజమంత ఎత్తున ఉండాలి, ముంజెయ్యి నిట్టనిలువుగా లేవాలి, అరచెయ్యి పలకలా అడ్డంగా పడాలి, రెండో చెయ్యి వచ్చి దాని కింద మూల కలపాలి; నాలుగు లెక్కలకు నాలుగు మూలలు, ఒక డబ్బా. మొదటి రోజు నా చేతులు డబ్బా కట్టలేదు, గుమ్మడికాయ కట్టాయి. రెండో రోజు ఇంటి దగ్గర మోచేతి మడతలో అయ్య మూలమట్టం ఇరికించుకుని సాధన చేస్తుంటే, మట్టం సరిగ్గానే ఉంది, దాన్ని ఇరికించుకున్న చెయ్యే వంకరపోయింది. అయ్య చూసి, "ఏటిరా, కొయ్యకెట్టాల్సిన మట్టం ఒంటికెడతన్నావు? నువ్వు సితికిన కొయ్యవి, చిత్రిక పట్టినా తేలవు" అన్నాడు. కోపంతో ఆ పూట అన్నం తినలేదని చెబుతుంటాను గాని తిన్నాను, రెండుసార్లు.

మూడో రోజుకు ఒంటరిగా నిలబడితే డబ్బా రానే వచ్చింది. అసలు తంటా వరసలో నిలబెట్టాక మొదలైంది. మా ఊళ్లలో పిల్లలకు నడక వచ్చీరాగానే మా థింసా ఆటలో వరస తోక దగ్గర నిలబెడతారు. చెయ్యి వెనకనుంచి పోయి పక్కవాడి నడుం దాటి అవతలివాడి చేతిని అందుకోవాలి, అందరూ ఒకే అడుగు వేస్తూ గుండ్రంగా తిరగాలి. పక్కన మనిషంటూ ఉంటే చెయ్యి దానంతటదే వెనక్కు పోతుంది, దానికెవరూ చెప్పనక్కర్లేదు. నా కుడిచెయ్యి డబ్బా కడుతుంటే ఎడమచెయ్యి నన్నడక్కుండా మద్రాసు కుర్రాడి నడుం పట్టేసింది. అసిస్టెంటు పరుగున వచ్చి ఆ చేతిని ఊడదీసి, నా ముఖం ముందు ఊపుతూ, "ఈ చెయ్యి ఎవరిదయ్యా? నీదే కదా? దాన్ని నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. ఉంచుకోవాలనే నేనూ పళ్లు బిగించాను. మళ్లీ పోయింది. మళ్లీ ఊడదీశాడు. నా ఒంటికి అతుక్కున్న చెయ్యి నా మాట వినకపోతే కలిగే ఉక్రోషం పగవాడికి కూడా వద్దు.

నాలుగో రోజు కెమెరా తిరుగుతుండగా, నడుం పట్టడంతో ఆగక కాళ్లు కూడా థింసా అడుగు అందుకున్నాయి, వరసంతా నాతోపాటు గుండ్రంగా జరిగింది, చివరి కుర్రాడు వేదిక అంచు నుంచి పూలచేలో పడ్డాడు. నన్ను గొడుగులు పట్టడానికి పంపించారు. కత్తిరించారన్న మాట నేను కట్టిన కథ. కత్తిరించడానికి అందులో నేను లేను.

మేనమామ కూతురు మాత్రం పంతులు సంబంధం కాదంది. అయ్యో కత్తిరించేశారా అని జాలి కూడా పడింది. నలభై ఏళ్లుగా నా అబద్ధం గెలిచిందనే అనుకుంటూ వచ్చాను.

మొన్న ఫోను ముందు ఆ మొదటి మూల కోసమే మళ్లీ కుస్తీ పట్టాను. ఇప్పుడు మోచెయ్యి భుజం దాకా లేవడమే గగనం, లేచినా లెక్క తప్పుతుంది, మనవరాలు పక్కన నిలబడగానే ఆ దొంగచెయ్యి వెనక్కి పోయింది. విసుగొచ్చి అరుగెక్కబోతుంటే, చాటలో సామలు చెరుగుతున్న నా ఇల్లాలు తలెత్తకుండానే అంది.

"ఏటి సూపిత్తాడే నీ తాత? ఆ దినం సినిమావోళ్ల వరసంతా ఈడ్సుకుపోనాడు. వలిసె సేలో కూకుని నవ్వలేక సచ్చిపోనాం."

అరుగు మీద పెట్టిన కాలు దించాను. చూశావా అన్నాను. చూశానంది. మరి పంతుల్ని ఎందుకు కాదన్నావంటే, చాటలో రాయి ఏరి పారేసి, "ఆ మద్రాసోడు ఎన్నిసార్లు ఊడదీసినా పక్కోడి నడుం ఒదల్లేదు నువ్వు. అంతే" అంది.

ఇప్పుడు మా వైపు థింసా అంటే రిసార్టులో పర్యాటకులు వచ్చినప్పుడు భోజనానికి ముందు ఆడే పావుగంట ఆట. మనవరాలు హాస్టళ్లలో పెరిగింది, వరస తోక దగ్గర ఎవరూ నిలబెట్టలేదు. దాని మూలలకు వంక పెట్టలేను, మూలమట్టం పెట్టి చూసినా వెంట్రుకవాసి తేడా రాదు. చూస్తున్నంతసేపూ, మెచ్చుకోవాలో కసురుకోవాలో తెలియక నాకు చిరాకే.

సరే, డబ్బా నావల్ల కాదు, ఇటు రా అని, ఇల్లాలిని కూడా చాట ముందు నుంచి లేపి, దాన్ని మా ఇద్దరి మధ్య నిలబెట్టుకున్నాను. నా చెయ్యి దాని నడుం వెనక్కు పోయింది, దాని నాయనమ్మ చెయ్యీ పోయింది. అది మాత్రం రెండు చేతులూ ముందుకు చాచుకుని నిలబడి, "తాతా, ఇవెక్కడ పెట్టుకోను?" అంది.